ఇద్దరినీ విడివిడిగా అడిగాను

నేను రిటైరై రెండేళ్లు దాటింది. సన్మానంలో కప్పిన శాలువాల్లో ఒకటి మా మనవరాలి ఉయ్యాలలో పరుపు కింద ఉంది, మిగతావి ఎక్కడున్నాయో నాకే తెలియదు. కౌన్సెలింగ్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సక్సెస్ కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. చెప్పడానికి ఉన్నాయి. విడాకుల దాకా వచ్చి మళ్లీ కలిసిపోయిన జంటలు ఉన్నాయి. అయితే అందులో నేను చేసిందెంతో, వాళ్లకు వాళ్లు సర్దుకున్నదెంతో తేల్చి చెప్పలేను. ఇది నా చేతుల మీదుగానే జరిగింది అని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే ఉంది. తల్లిదండ్రులు ఎలాగూ విడిపోయారు. వాళ్ల పిల్లలిద్దరినీ, ఒక అక్కనూ ఒక తమ్ముణ్ణీ, నేను విడదీశాను. అంతా పద్ధతి ప్రకారమే చేశాను. ఆ కేసు గురించి నన్నెవరూ ఇంతవరకు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మా కేంద్రం ఉప్పల్‌లో, రింగ్ రోడ్డు వెనక వీధిలో ఒక పాత కట్టడం పై అంతస్తులో ఉండేది. కింద టైర్ల దుకాణం. కోర్టు నుంచి విడాకుల కేసులు మా దగ్గరికి వచ్చేవి. భార్యాభర్తలతో, పిల్లలతో మాట్లాడి మేం ఒక నివేదిక రాసి పంపేవాళ్లం. మేం ఉన్నది ముగ్గురం. నాకంటే పెద్దవాడైన సీనియర్ సార్, నేను, అటెండర్‌గా ఉప్పల్ పాత ఊరికి చెందిన ఒకావిడ. ఇప్పుడు మెట్రో స్తంభాలున్న చోట తాను కలుపు తీశానని ఆవిడ చెబుతుండేది. మేమంతా ఆవిడను అక్కా అని పిలిచేవాళ్లం. టీ తేవడం, ఫైళ్లు సర్దడం, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కొట్టుకోకుండా చూడటం ఆవిడ పని.

సార్ మంచివాడు, పని తెలిసినవాడు. నాకు పని నేర్పింది ఆయనే. పిల్లల విషయంలో ఆయనకు మూడు నియమాలు ఉండేవి. పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలవాలి. ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడకూడదు. బయటికి పోయాక కూడా ఎవరికీ చెప్పొద్దని పిల్లలకు నచ్చజెప్పాలి. "పెద్దపిల్ల చెప్పినదానికి చిన్నోడు తలూపుతడమ్మా, అది వాని మాట కాదు" అనేవాడు. నిజమే కదా. ఆ నియమాలు తప్పని నేను ఇప్పటికీ అనలేను. అందుకే ఈ తప్పును ఎవరి మీదికీ తోసెయ్యలేకపోతున్నాను.

కేసులోని భర్త నాచారంలో మందుసీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో ఆపరేటర్. భార్య ఆ దగ్గర్లోనే స్కూల్ యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనిచేసేది. జనగామ వైపు నుంచి పెళ్లైన ఏడాదే వచ్చి నాచారంలో ఒక గదిలో కాపురం పెట్టారు. అతను తాగేది తక్కువ, అనుమానించేది ఎక్కువ. ఆమె ఫోన్ ఎత్తకపోతే షిఫ్ట్ మధ్యలో లేచి వచ్చి షెడ్డు గేటు దగ్గర నిలబడేవాడు. ఒకసారి నలుగురి ముందు చెయ్యి చేసుకున్నాడు. ఆ రోజే ఆమె పిల్లలను తీసుకొని పీర్జాదిగూడలో ఉన్న అన్న ఇంటికి వెళ్లిపోయింది.

మేం వాళ్లను కలపడానికి నాలుగుసార్లు కూర్చోబెట్టాం. "నేను సచ్చినా పోను మేడం. ఇగ ఆ ముచ్చట ఎత్తకుండ్రి" అంది ఆమె. "నాకు గూడ వద్దు. పిల్లల సంగతి తేల్చుండ్రి, సంతకం వెడ్త" అన్నాడు అతను. ఇక మిగిలింది పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నదే. అమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పిల్లవాడికి ఆరేళ్లు, ఒకటో తరగతి.

మా దాకా రాకముందే వాళ్ల కులపెద్దలు దాన్ని తేల్చేశారు. కొడుకు తండ్రికి, బిడ్డ తల్లికి. ఆ వైపు తెగదెంపులైతే చాలామంది ఇలాగే పంచుకుంటారు. పీర్జాదిగూడ ఇంటి ముందు కుర్చీలు వేసుకొని పెద్దమనుషులు మాట్లాడుతుంటే పిల్లలిద్దరూ గడప మీద కూర్చొని విన్నారట. ఈ సంగతి నాకు ఆమె అన్నే చెప్పాడు. "పెద్దమనుషులు గట్ల అన్నరు మేడం. గదే రాసిచ్చుండ్రి, అయిపోతది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "పిల్లలంటే పంచుకునే సామానా? మీ పెద్దమనుషులు ఆ పిల్లల్ని ఒక్క మాటన్నా అడిగిన్రా? మేం అడుగుతం. వాళ్లు ఏది చెప్తే అదే రాస్తం" అన్నాను. ఆ రోజంతా నా మీద నాకే గౌరవం కలిగింది. ఇంటికి వెళ్లి మా ఆయనకు కూడా వినిపించాను. ఆయన పేపర్ చదువుతూ ఊఁ అన్నాడు.

ఒక శనివారం పిల్లలను పిలిపించాం. ముందు అమ్మాయిని రమ్మన్నాను. "ఒక్క నిమిషం మేడం, వీని చెప్పు తెగింది" అని బెంచీ దగ్గరి నుంచే కేకేసింది. తమ్ముడి చెప్పు పట్టీకి పిన్నీసు పెట్టి, వాడి కాలికి తొడిగి, వాణ్ణి రెండడుగులు నడిపించి చూసుకున్నాకే లోపలికి వచ్చింది. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టి ఉన్నాయి. బొమ్మలూ రంగు పెన్సిళ్లూ ముందు పెట్టాను, ముట్టుకోలేదు. అది బొమ్మలతో ఆడుకునే పిల్లలా లేదు.

అమ్మ, నాయిన వేరువేరుగా ఉండబోతున్నారని, అది ఆమె తప్పు కాదని, ఇద్దరూ ఆమెను ఎప్పటిలాగే చూసుకుంటారని చెప్పాను. ఈ మాటలు ఎన్నోసార్లు చెప్పి చెప్పి నాకు నోటికి వచ్చేశాయి. ఎవరి దగ్గర ఉండాలని ఉందో అడిగాను.

"తమ్ముడేమన్నడు మేడం?" అంది.

"తమ్ముణ్ణి ఇంక అడగలే బిడ్డా. నువ్వు నీ మాట చెప్పు."

"మరి ముందుగాల వాన్ని అడుగుండ్రి. తర్వాత నేను చెప్త."

"అట్ల కుదరదు. ఎవరిది వాళ్లే చెప్పాలె."

తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. "నాయిన దగ్గరుంట" అంది. ఎందుకని అడిగాను. "నాయిన తమ్మున్ని బండి మీద ముందల కూసోవెడ్తడు" అంది. నేను దాని కాగితం మీద తండ్రి అన్నచోట టిక్కు పెట్టాను. కింద వ్యాఖ్య రాసే చోట, 'తండ్రి పట్ల ఆప్యాయత ఉంది, కారణాలు స్పష్టంగా చెప్పలేకపోయింది' అని రాశాను. ఇక్కడ మాట్లాడింది అమ్మకైనా తమ్ముడికైనా చెప్పొద్దని మాట తీసుకొని, సార్ గదిలో కూర్చోబెట్టాను.

తర్వాత పిల్లవాడు వచ్చాడు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు. "అక్క ఏది?" అన్నాడు. పక్క గదిలో ఉందన్నాను. "అక్క అమ్మ దగ్గర్నే ఉంటది గద?" అన్నాడు. అక్క సంగతి అక్క చెబుతుంది, నీకెక్కడ ఇష్టమో నువ్వు చెప్పు అన్నాను. "అమ్మ" అన్నాడు వెంటనే. ఎందుకన్నాను. "అమ్మ అక్కకు జడలేస్తది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తల్లి అన్నచోట టిక్కు పెట్టాను. వాడి దగ్గరా ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను. మన పెద్దవాళ్లకు చెప్పొద్దంటే సాయంత్రానికి బస్తీ అంతా తెలుస్తుంది. ఆ పిల్లలు మాత్రం చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకుంటూ కూడా నాకిచ్చిన మాట కోసం ఒకరికొకరు చెప్పుకోలేదు.

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. గడప మీద విన్న మాట ప్రకారం తమ్ముడు నాయిన దగ్గరికి పోతాడని అక్క అనుకుంది, వాడి కోసం నాయిన అంది. అక్క అమ్మ దగ్గర ఉంటుందని తమ్ముడు అనుకున్నాడు, దాని కోసం అమ్మ అన్నాడు. నేను అడిగింది తల్లిదండ్రుల గురించి, వాళ్లిద్దరూ చెప్పింది ఒకరి గురించి ఒకరు. ఆ కాగితంలో తల్లికి ఒక గడి, తండ్రికి ఒక గడి ఉన్నాయి. తోబుట్టువు కోసం ఏ గడీ లేదు కాబట్టి ఆ ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

అర్థమైన మనిషి ఒకరు ఆ గది బయట బెంచీ దగ్గరే ఉన్నారు. సాయంత్రం టీ పెడుతూ అటెండరక్క అంది, "మేడం, ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. గీ పిల్లలను ఇడదీయకుండ్రి. ఆ పోరడు అక్క గౌను ఇడుస్తనే లేడు. బాత్రూంకు పోయినా ఆ పిల్లే దర్వాజ కాడ నిలవడాలె. బిస్కెట్ ఇస్తే ఆమె చేతుల నుంచే తిన్నడు."

"మేం ఏం చెయ్యట్లేదక్కా. పిల్లలు చెప్పిందే రాస్తున్నం" అన్నాను.

"చెప్పింది రాసిన్రు. నేను సూసింది గూడ జర రాయుండ్రి."

అటెండర్ బెంచీ దగ్గర చూసింది నివేదికలో ఎలా రాస్తాం? నవ్వి ఊరుకున్నాను. ఆవిడ కప్పు తీసుకొని వెళ్లిపోయింది. ఇంత చదువు చదివి, ఇన్ని శిక్షణలు పొంది, ఆవిడ మాట వినకపోవడానికి నా దగ్గర ఉన్న కారణం నా కుర్చీ ఒక్కటే.

నివేదిక చూసి తల్లి ఏడ్చింది. "నా బిడ్డ నన్ను వద్దన్నదా మేడం?" అంది. తండ్రి ముఖం మాడ్చుకున్నాడు, కొడుకు వద్దన్నందుకు. కాసేపటికి ఇద్దరూ తేరుకున్నారు. చెరొకరు వచ్చారు కదా, లెక్క పెద్దమనుషులు చెప్పిందే, అటుదిటు అయిందంతే. సార్ సంతోషించాడు. "ఇద్దరికి సమానంగ వచ్చింది, ఇగ గొడవ లేదు" అన్నాడు. ఆదివారాల సంగతి నేనే కుదిర్చాను. నెలలో రెండు ఆదివారాలు అమ్మాయి తల్లి దగ్గరికి, అదే రోజు పిల్లవాడు తండ్రి దగ్గరికి. ఒకే ప్రయాణంలో ఇద్దరినీ మార్చుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను. ఉప్పల్ చౌరస్తాలో అక్క ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కుతుంటే తమ్ముడు ఆ బండి దిగి ఈ బండి ఎక్కేవాడు. కలిసే రోజు కూడా వాళ్లు కలవకుండా ఏర్పాటు చేసింది నేనే, అదీ అందరి సౌకర్యం చూసి. ఆ తర్వాత ఆదివారాలు కూడా ఒక్కొక్కటిగా ఎగిరిపోయాయని విన్నాను. విని, అన్ని కేసుల్లో జరిగేదేలే అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత నాచారం నుంచి ఒక బడి టీచరమ్మ ఫోన్ చేసింది. ఆరో తరగతి పిల్ల ఒకతె తరగతిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని, రికార్డులో మా కేంద్రం పేరు ఉందని చెప్పింది. వెళ్లాను. వరండాలో ఆ పిల్లను చూసి ముందు గుర్తుపట్టలేదు. జుట్టు మగపిల్లల్లా కత్తిరించి ఉంది. "జడలెయ్యనీకి ఎవరున్నరు మేడం, నాయినే కటింగ్ షాపుకు తోల్కపోయిండు" అంది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇంట్లో నెలల పిల్ల. పొద్దున్నే వంట చేసి, ఆ పసిదానికి స్నానం చేయించి ఇది బడికి వస్తోంది. ఇదంతా ఫిర్యాదులా కాదు, నేను అడిగితే చెప్పింది.

"తమ్ముడు యాదికొస్తడా?" అన్నాను. అడగాల్సిన మాట రెండేళ్లు ఆలస్యంగా అడిగాను.

అది నేల వైపు చూస్తూ చెప్పింది. "వాడు అమ్మనే కావాలన్నడట గద. నాయిన చెప్పిండు. నేను వాని కోసమే నాయిన అన్న మేడం. పెద్దమనుషులు వాన్ని నాయినకిస్తమన్నరు. నేను లేకుంటే వాడు అన్నం తినడు. వాడేమో నన్ను ఇడిచిపెట్టిండు."

ఆటోలో ఉప్పల్ వచ్చి, పాత నోట్సు వెతికి, పిల్లవాడు చెప్పిన మాట తీసి చదివాను. అమ్మ అక్కకు జడలేస్తది. నా చేతి రాతే. అప్పటికి సార్ రిటైరయ్యాడు. అటెండరక్కకు చెప్పాను. నేను చెప్పలేదా అని ఆవిడ అనలేదు. స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

సరిదిద్దాలని తిరిగాను. తెలిసిన వకీలును అడిగితే, తల్లో తండ్రో ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లాలి, మీరు వెళితే కుదరదన్నాడు. తండ్రి దగ్గరికి వెళ్లాను. "ఈ పిల్ల లేకుంటే ఇల్లు నడువది మేడం" అన్నాడు మొహమాటం లేకుండా. పోనీ కొడుకును కూడా తెచ్చుకోమన్నాను. "వాడు నన్నొద్దన్నడు. మీరే రాసిన్రు" అన్నాడు. తల్లి అన్నతో కలిసి నారపల్లికి మారింది. వెళ్లి ఆమెనూ అడిగాను. "ఇప్పుడు కేసు కదిలిస్తే వీన్ని గూడ గుంజుకపోతడు. ఆమె ఎట్లనో నన్నొద్దనుకున్నది. ఉన్న ఒక్కన్ని గూడ పోగొట్టుకోమంటరా?" అంది. పిల్లలు మిమ్మల్ని వద్దనలేదని నేను చెప్పినా, ఇద్దరి చేతుల్లోనూ సాక్ష్యంగా ఉన్నది నా నివేదికే. బతిమాలితే ఒక్క శనివారం పిల్లలను కేంద్రానికి పంపడానికి ఒప్పుకున్నారు.

ఇద్దరూ వచ్చారు. పిల్లవాడికి ఎనిమిదేళ్లు. అక్కను చూసి ఆగిపోయాడు, ఆ జుట్టుతో దాన్ని ఎప్పుడూ చూడలేదు. బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. "నువ్వు నాయిననే కావాలన్నవట" అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

నేను నా నియమం తప్పాను. ఒకరి మాట ఇంకొకరికి చెప్పకూడదన్న నియమం. నోట్సు తెరిచి ఆ రోజు ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు చదివాను. దానికి అర్థమేమిటో కూడా చెప్పాను. పిల్లవాడు దగ్గరికి వచ్చి నా నోట్సులోకి తొంగి చూశాడు.

"అంటే అక్క నా కోసమన్నదా?"

"ఔ బిడ్డా."

"నేను అక్క కోసమన్న" అన్నాడు, నాతో కాదు, దానితో.

ఏడుస్తారనుకున్నాను. ఏడ్చింది నేనూ అటెండరక్కా. వాళ్లిద్దరూ బెంచీ మీద దగ్గరికి జరిగి గుసగుసలాడుకున్నారు. లేచి నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డారు. అమ్మాయి చెయ్యి తమ్ముడి భుజం మీద ఉంది.

"మేడం, మళ్ల అడుగుండ్రి" అంది. "ఈపారి ఇద్దర్ని కలిపి అడుగుండ్రి."

అడిగే అధికారం నాకు లేదు. అయినా నోటికి అలవాటైన మాట బయటికి వచ్చింది. "ఎవరి దగ్గరుంటరు?"

"ఎవరైనా సరే మేడం. మీకేది మంచిగనిపిస్తే గదే రాయుండ్రి. ఇద్దరికి ఒక్కటే రాయుండ్రి."

ఆ క్షణంలో నిజం చెప్పాల్సింది. ఇప్పుడు ఏం రాసినా చెల్లదు బిడ్డా, మీ మాట చెల్లిన ఆ ఒక్కరోజు అయిపోయింది అని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. తెల్లకాగితం తీసి, ఇద్దరూ ఒకే చోట ఉండాలని కోరుకుంటున్నారు అని రాశాను. పిల్లవాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, సరిగ్గా రాశానో లేదో చూసుకున్నాడు. కింద ఇద్దరూ పేర్లు రాశారు. మెట్లు దిగి, టైర్ల దుకాణం ముందు అక్క తండ్రి బండెక్కింది, తమ్ముడు మామ ఆటో ఎక్కాడు. ఆటోలోంచి తల బయటికి పెట్టి నవ్వుతూ చెయ్యి ఊపాడు. "ఇది ఏ ఫైల్ల వెట్టాలె మేడం?" అని అటెండరక్క కాగితం పట్టుకొని నా దగ్గర నిలబడింది. ఆ కేసు ఫైలు మూసేసి ఎప్పుడో పంపించేశాం.

పై వారంలో ఆఫీసు ఫోన్ మోగింది. పిల్లవాడు. నంబరు ఎవరిని అడిగి కనుక్కున్నాడో తెలియదు. "మేడం, నేను బట్టలన్ని సంచిల వెట్టుకున్న. పుస్తకాలు గూడ వెట్టుకున్న. అక్క కాడికి ఎప్పుడు తోల్కపోతరు?" అన్నాడు.

రాంగ్ నంబర్ అని చెప్పి పెట్టేశాను.